నిచ్చెన రహిత పట్టణం

రాచగుంటపాలెం పురపాలక సంఘం చరిత్రలో నిచ్చెన మీంచి పడ్డవాడు ఒక్కడే. వాడి పేరు అడిగితే ఆఫీసులో ఎవరూ చెప్పలేరు గానీ వాడు పడ్డ సంగతి మాత్రం అందరికీ గుర్తే. వీధిలైటు మార్చబోతే మెట్టు విరిగింది. ఆ మెట్టు పుచ్చిపోయింది మొర్రో అని కార్మికులు అంతకు చాలా ముందునుంచే మొత్తుకుంటున్నారు. ఎవరూ చెవిన పెట్టలేదు. వాడి కాలు విరిగాక మాత్రం యంత్రాంగం ఉలిక్కిపడి లేచింది. ఒక మెట్టు మారిస్తే పోయేదానికి అంత పెద్ద యంత్రాంగం లేవడం ఎందుకని ఎవరైనా అడగొచ్చు. లేచాక ఖాళీగా కూర్చోదు కదా.

కమిషనర్ మార్కండేయులు గారు రాజధానిలో 'పనిచోట భద్రత' మీద జరిగిన వర్క్‌షాపుకి వెళ్ళొచ్చారు. అక్కడ తెర మీద బొమ్మలు చూపించారట. మీట నొక్కితే చాలు, మనిషిని బుట్టలో నిలబెట్టి పైకి తీసుకెళ్ళి, పనయ్యాక మళ్ళీ పదిలంగా కిందకు దించే యంత్రాలున్నాయట. మాట మంచిదే. అలాంటిది నిజంగా వస్తే దానికి మొదట దండం పెట్టేవాడు నిచ్చెనెక్కే మనిషే. అయితే ఆ వర్క్‌షాపులో కమిషనర్ గారికి రెండు పనులు అర్థమయ్యాయి. నిచ్చెనలు తీసేయాలి, యంత్రాలు తేవాలి. మొదటిది సులువుగా ఉంది. అందుకని దాంతో మొదలుపెట్టారు.

మర్నాడే ఉత్తర్వు వెలువడింది. "పురపాలక సంఘ పరిధిలోని సమస్త నిచ్చెనలు, నిచ్చెన స్వభావము కలిగిన ఉపకరణములు తక్షణమే ఉపసంహరించబడినవి. ప్రత్యామ్నాయ యంత్రముల సేకరణ క్రియాశీల పరిశీలనలో ఉన్నది. అంతవరకు ఎత్తున చేయవలసిన పనులను నేల మీదనే నిర్వహించవలెను."

నేల మీదనే నిర్వహించారు. వీధిలైట్లు కాలిపోతే స్తంభం మొదట్లో నిలబడి పైకి చూసి, కాలిపోయిన మాట నిజమేనని ధ్రువీకరించి వచ్చేవారు. గ్రంథాలయంలో కింది అరల పుస్తకాలే ఇచ్చేవారు. పై అరల కవులు దుమ్ము కొట్టుకుంటూ అక్కడే ఉండిపోయారు. మునిసిపల్ పిల్లల బడి గోడ మీద వైకుంఠపాళి బొమ్మ వేసి ఉండేది. తనిఖీకి వచ్చిన అధికారి దాన్ని చూసి, ఇన్ని నిచ్చెనలు పిల్లల కళ్ళెదుట ఉండటం ఏమిటని మండిపడి, వాటి మీద సున్నం వేయించాడు. ఉత్తర్వులో పాముల ప్రస్తావన లేదు కాబట్టి పాముల్ని ఉండనిచ్చాడు.

ఇంత పట్టుదల ఉత్త పుణ్యానికి కాదు. రాష్ట్రంలో మొదటి 'నిచ్చెన రహిత పట్టణం' అని ప్రశంసాపత్రం ఇస్తామని పైనుంచి కబురు వచ్చింది. ఊళ్ళో ఒక్క నిచ్చెన మిగిలినా ఆ పత్రం పక్క మునిసిపాలిటీ ఎగరేసుకుపోతుంది. అప్పటికి మిగిలింది సంతపేట వాటర్ ట్యాంకు స్తంభానికి బిగించిన ఇనప నిచ్చెన ఒకటే.

ఆ ట్యాంకు మీద జకరయ్య పనిచేస్తాడు. రోజూ పొద్దున్నే బ్లీచింగ్ పౌడరు డబ్బా భుజాన వేసుకుని ఎక్కుతాడు, మూత తీసి నీళ్ళలో కలిపి దిగుతాడు. ఔట్‌సోర్సింగ్ మనిషి. నెలాఖరుకి కాంట్రాక్టు పొడిగిస్తారో లేదో అన్నది ఇంజనీరింగ్ విభాగం ఏఈ వంశీధర్ గారి చేతిలో ఉంది. ఎత్తు పనులు నిషేధించాక జకరయ్య వెళ్ళి, "రేపట్నించి ఎక్కాల్నా వద్దా సార్?" అని అడిగాడు. ఏఈ గారు కాసేపు పెన్ను తిప్పి, "ఎక్కు. ఎక్కినట్టు ఎక్కడా అనకు" అన్నారు. జకరయ్య అలాగే ఎక్కుతూ వచ్చాడు.

ఆ రోజు జకరయ్య ట్యాంకు అవతలి కొసన వంగి మూత వేస్తుంటే బుస్సుమని చప్పుడు వినిపించింది. వచ్చి తొంగి చూశాడు. కింద ఒక కుర్రాడు నిచ్చెన మీదే నిలబడి, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, గ్యాస్ కట్టరుతో నిచ్చెననే కోస్తున్నాడు. పైనుంచి కోసుకుంటూ మెట్టు మెట్టూ దిగుతున్నాడు. పై ముక్క అప్పటికే ఊడి నేల మీద పడి ఉంది.

"ఎవురయ్యా నువ్వు? ఏం జేస్తన్నావు?"

"నిచ్చెన కోస్తన్నానన్నా. నువ్వేంది పైన?"

"నేను దిగాల గదయ్యా!"

"ముందుగాల జెప్పొద్దా మరి?" అని కుర్రాడు నొచ్చుకున్నాడు. "పైన మడిసి ఉంటాడని వర్కార్డర్లో రాయలేదే."

జకరయ్య ఏఈ గారికి ఫోన్ చేశాడు. ఏఈ గారు అంతా విని చాలా శాంతంగా సమాధానం చెప్పారు.

"చూడు జకరయ్యా, టెక్నికల్‌గా నువ్వు పైన లేవు. ఎత్తు పనులు నిషేధించాం. నిషేధించిన చోట మా సిబ్బంది ఉండే అవకాశం లేదు."

"ఉన్నాను గద సార్! మీరే గదా ఎక్కమంది!"

"అదిగో, ఫోన్లో అలాంటి మాటలు అనకు. ముందు కిందకి రా, తీరిగ్గా మాట్లాడదాం. ఆ కట్టర్ అబ్బాయికి ఒకసారి వినపడేలా చెప్పు, పని ఆపొద్దని. సాయంత్రంలోగా రిపోర్టు పంపాలి."

రిపోర్టు సాయంత్రంలోగానే వెళ్ళింది. పట్టణంలో నిచ్చెనల సంఖ్య సున్నా అని రాశారు. జకరయ్య గురించి రాయడానికి అందులో గడి లేదు.

మన దగ్గర ఒక మనిషి వాటర్ ట్యాంకు మీద నిలబడి చేతులూపితే దానికి ఒకటే అర్థం. స్థలం తగాదా ఉన్నవాడు ఎక్కుతాడు, ప్రేమించిన పిల్లను ఇవ్వనన్నందుకు ఎక్కుతాడు, రేషన్ కార్డు రాలేదని ఎక్కుతాడు. జనం చేరతారు. ఎస్సై మైకు పట్టుకుంటాడు. పెద్దమనిషి ఎవరో వచ్చి హామీ ఇస్తాడు. ఎక్కినవాడు దిగుతాడు, నిమ్మరసం తాగుతాడు, ఫోటో పడుతుంది. ఎవరికీ కొత్త కాదు. కాబట్టి జకరయ్య "దించండయ్యో!" అని అరుస్తుంటే సంతపేట జనం పని మానుకుని వచ్చి, నీడ చూసుకుని నిలబడ్డారు.

ఎస్సై గారు ఈ పనిలో ఆరితేరిన మనిషి. జీపు దిగుతూనే మైకు అందుకున్నారు.

"తమ్ముడూ! తొందరపడి ఏ నిర్ణయం తీసుకోవద్దు. జీవితం చాలా విలువైంది. నీ డిమాండ్ ఏమిటో చెప్పు!"

జకరయ్య వయసులో ఆయన తండ్రిలాంటి వాడు. అయినా ట్యాంకెక్కిన వాళ్ళంతా ఎస్సై గారికి తమ్ముళ్ళే.

"నిచ్చెన సార్! నిచ్చెన గావాల!"

"ఒకటే డిమాండు, నిచ్చెన అంట" అని ఎస్సై గారు ఏఈ వైపు తిరిగారు. ఇంత చవగ్గా తేలిపోతున్నందుకు ఆయన ముఖం విప్పారింది. ఏఈ గారి ముఖం పాలిపోయింది.

"ఇంకేదైనా అడగమనండి సార్. అది ప్రభుత్వ విధానానికి వ్యతిరేకం."

కబురందుకుని కమిషనర్ గారే వచ్చారు. మైకు తీసుకుని గొంతు సవరించుకున్నారు. "జకరయ్యా! నీ డిమాండ్‌ను సానుభూతితో పరిశీలిస్తామని పురపాలక సంఘం తరఫున హామీ ఇస్తున్నాను. దీక్ష విరమించి కిందకి రావలసిందిగా కోరుతున్నాను."

"దీక్ష గాదు సార్, నా కర్మ! దిగటానికి దారేది? ఎట్టా దిగమంటారు?"

కమిషనర్ గారు విలేకరుల వైపు చూసి తల అడ్డంగా ఊపారు. "చూశారుగా. హామీ ఇచ్చినా బెట్టు చేస్తున్నాడు."

మధ్యాహ్నానికి కార్మిక నాయకుడొకడు జెండాలతో దిగాడు. ట్యాంకు కింద టెంటు వేయించి, "కామ్రేడ్! పర్మినెంట్ చేసేదాకా దిగొద్దు! నీ వెనక మేమున్నాం!" అని నినాదం అందుకున్నాడు. "నాకు దిగాలనుందన్నా! మీరు ముందుకొచ్చి దించండి!" అని జకరయ్య పైనుంచి మొత్తుకున్నాడు గానీ, చప్పట్లలో ఆ మాట కలిసిపోయింది. 'పర్మినెంట్ చేస్తేనే దిగుతా: కార్మికుడి హెచ్చరిక' అని టీవీలో వచ్చింది.

జకరయ్య భార్య సువార్తమ్మ ఈ గుంపులన్నీ తోసుకుని వచ్చి కమిషనర్ గారి ముందు నిలబడింది. "ఆయనేం కోరి ఎక్కి కూర్చోలేదయ్యా. డూటీకి పోయినోణ్ణి మీరే దిగకుండా జేశారు. బీపీ మనిషి. ఎండకి కళ్ళు తిరిగితే యాడ పడతాడు?"

"కుటుంబ సభ్యులు సహకరించాలి" అని కమిషనర్ గారు ఆమె చేతికి మైకు ఇచ్చారు. ఇలాంటప్పుడు భార్య కన్నీళ్ళతో విజ్ఞప్తి చేయడం ఆనవాయితీ. ఆమె మైకు పుచ్చుకుని, "ఏమయ్యో! బొక్కెన వొదులు, మాత్రలు పంపిస్తన్నా! అంచుకి రాబాకయ్యా!" అని చెప్పి తిరిగి ఇచ్చేసింది.

ఎప్పుడైనా బరువు సామాను పైకి చేదుకునే బొక్కెన ఒకటి జకరయ్య దగ్గరుంది. సన్నని తాడు, మనిషి బరువు ఆపదు. ఆ బొక్కెనలోనే అన్నం, మాత్రలు వెళ్ళాయి. తాగడానికి ట్యాంకు నిండా నీళ్ళున్నాయి. మిగతా అవసరాల సంగతి, పట్టణ ప్రజల ఆరోగ్యం దృష్ట్యా, ఇక్కడ రాయడం భావ్యం కాదు. మధ్యాహ్నాలు శ్లాబు పెనంలా కాలేది. మూత నీడ ఎటు తిరిగితే అటు జరుగుతూ, పడుకుంటే దొర్లిపోతానేమోనని తాడు నడుముకి, మూత కడ్డీకి కలిపి కట్టుకుని, జకరయ్య అక్కడే ఉండిపోయాడు. ప్రతిసారీ కిందకు తొంగి చూడటం, కళ్ళు తిరిగి వెనక్కి జరగడం. ఇన్నేళ్ళు ఎక్కి దిగినవాడికి, ఆ ఎత్తంటే భయం వేయడం అదే మొదలు.

మర్నాడు అదే బొక్కెనలో ఏఈ గారు ఒక నోటీసు పంపారు. అనుమతి లేకుండా ఎత్తున ఎందుకు మకాం పెట్టావో చెప్పాలని, సంజాయిషీని స్వయంగా ఆఫీసుకు వచ్చి సమర్పించాలని అందులో ఉంది. రాకపోతే నెలాఖరున కాంట్రాక్టు పొడిగించరట.

ఎవరో పుణ్యాత్ముడు పక్క ఊరి నుంచి అగ్నిమాపక బండిని పిలిచాడు. ఆ బండిని పొలిమేరలోనే ఆపేశారు. అక్కడ 'నిచ్చెన రహిత పట్టణానికి స్వాగతం' అని కొత్తగా బోర్డు పెట్టారు, బండి నెత్తిన చూస్తే మడత నిచ్చెన. ప్రశంసాపత్రం ఇంకా చేతికి రాలేదు. ఈలోగా ఊళ్ళో నిచ్చెన కనబడితే ఎవరు జవాబు చెప్పాలి? నిచ్చెన ఊడదీసి వస్తే అభ్యంతరం లేదన్నారు. "ఊడదీసి వచ్చి ఏం చేయాలి సార్, ఆయన మీద నీళ్ళు చల్లాలా?" అని ఫైరాఫీసరు అడిగాడు. ఆ ప్రతిపాదనను లిఖితపూర్వకంగా పంపమన్నారు.

అయితే టీవీలో మోగడం వల్ల ఒక మంచి జరిగింది. ఎప్పటినుంచో క్రియాశీల పరిశీలనలో ఉన్న యంత్రం హఠాత్తుగా ఊళ్ళోకి వచ్చింది. లారీ మీద మడతలు మడతల ఇనప చెయ్యి, చివర పసుపు రంగు బుట్ట. సువార్తమ్మకు ప్రాణం లేచొచ్చింది. మునిసిపల్ ఆవరణకు పరుగెత్తింది. అక్కడ యంత్రం మీద టార్పాలిన్ కప్పి, చుట్టూ రిబ్బను కట్టి, కాపలా పెట్టారు.

"మంత్రిగారు వచ్చి ప్రారంభించాలమ్మా" అన్నారు ఏఈ గారు.

"ఈలోపు మీట నొక్కితే పంజేయదా సార్?"

"చేస్తుంది. కానీ చేసినట్టు కాదు."

ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యే మాట అయితే గదా.

మంత్రిగారి తీరిక మూడో రోజుకి దొరికింది. ట్యాంకు ముందే వేదిక వేశారు. షామియానా, పూలదండలు, కుర్చీలకు తెల్లగుడ్డలు. వచ్చినవాళ్ళందరికీ చల్లని మజ్జిగ పోశారు. పైనుంచి జకరయ్యకు ఆ మజ్జిగ గ్లాసులు వరసగా కనిపిస్తూనే ఉన్నాయి. అతడి పెదాలు పగిలిపోయి ఉన్నాయి. కింద తన పేరు మైకులో పదే పదే వినబడుతోంది. అది తన పేరేనా అని అనుమానం వచ్చింది అతడికి.

రిబ్బను తెగింది. "మన కార్మిక సోదరుణ్ణి ఈ చేతులతో నేనే స్వయంగా కిందకు తీసుకొస్తాను" అని ప్రకటించి, కమిషనర్ గారు నెత్తిన హెల్మెట్టుతో, మెడలో దండతో బుట్టలోకి ఎక్కారు. చేతిలో మైకు అలాగే ఉంది. ఇనప చెయ్యి మడతలు విప్పుకుంటూ లేచింది. జనం ఈలలు వేశారు. జకరయ్య మోకాళ్ళ మీద అంచుదాకా పాక్కుంటూ వచ్చాడు. మూడు రోజుల్లో తన వైపుగా ఒక మనిషి రావడం అదే మొదలు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

బుట్ట ట్యాంకుకి సగం ఎత్తు వచ్చి ఆగింది. అది వీధిలైట్ల ఎత్తుకి తగ్గట్టు తెప్పించిన యంత్రం. ఇంకెక్కడికీ వెళ్ళదు. ట్యాంకు ఎత్తు ఎంతని ఎవరూ కొలవలేదు. కొలవాలంటే ఎక్కాలి, ఎక్కడం నిషేధం.

కమిషనర్ గారు బుట్టలోంచి చెయ్యి పైకి చాచారు. జకరయ్య పైనుంచి చెయ్యి కిందకు చాచాడు. ఇద్దరి మధ్య కొబ్బరిచెట్టంత ఖాళీ. కింద కెమెరాలు ఆ దృశ్యాన్ని తృప్తిగా తీసుకున్నాయి. "కార్యక్రమం విజయవంతమైంది, దించవయ్యా" అన్నారు కమిషనర్ గారు. ఆపరేటరు మీట నొక్కాడు. బుట్ట దిగలేదు. మళ్ళీ నొక్కాడు. గాలికి అటూ ఇటూ ఊగింది తప్ప దిగలేదు.

కమిషనర్ గారు ఒక్కసారి కిందకు చూశారు. బుట్ట అంచును రెండు చేతులా వాటేసుకున్నారు. మెడలో దండ తెగి పూలు మంత్రిగారి నెత్తిన రాలాయి. ఆ తర్వాత ఆయన పెట్టిన కేక మైకులోంచి సంతపేట అంతా మోగింది.

"నిచ్చెన! ఎవరైనా ఒక నిచ్చెన తీసుకురండయ్యా!"

ఎత్తున మనిషి, కింద జనం, పైనుంచి కేక. ఎస్సై గారి చెయ్యి అలవాటు కొద్దీ మైకు మీదకు పోయింది. "తొందరపడి ఏ నిర్ణయం తీసుకోవద్దు! జీవితం చాలా విలువైంది! మీ డిమాండ్..." అని అంతలో ఎవరితో మాట్లాడుతున్నారో గుర్తొచ్చి, మైకు వెనక్కి దాచుకున్నారు. జనం పొట్టలు పట్టుకున్నారు. జకరయ్య ఒక్కడే నవ్వలేదు. ఆ కేక ఎక్కణ్ణుంచి వస్తుందో అతడికి తెలుసు.

అప్పట్నుంచీ పొలిమేరలోనే పడిగాపులు కాస్తున్న అగ్నిమాపక బండి మంత్రిగారి చేతిలో టీ చల్లారేలోపు ట్యాంకు కింద ఉంది. దారిలో స్వాగతం బోర్డుకు దుప్పటి కప్పారు. "నిచ్చెన అనొద్దు. విస్తరణశీల సోపాన వ్యవస్థ అనండి" అని ఏఈ గారు విలేకరులకు పదం అందించారు. ఆ వ్యవస్థ మీదుగా కమిషనర్ గారు ఒక్కో మెట్టునూ కౌగిలించుకుంటూ దిగారు. నేల మీద కాళ్ళు ఆనగానే చొక్కా సర్దుకున్నారు, గొంతు పూర్వపు గొంతైపోయింది.

"పరిశీలన ముగిసింది. బండిని పంపేయండి. ఈ పట్టణంలో ఇలాంటి పరికరం ఉండటానికి వీల్లేదు."

బండి కదలలేదు. ముందు చక్రానికి అడ్డంగా సువార్తమ్మ కూర్చుని ఉంది. ఆమె పక్కన పేటలోని ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో వచ్చి కూర్చుంటున్నారు.

"అయ్యగారు దిగినాడు, సంతోషం. మా ఆయన దిగినాక పోనీండి. కాదంటే నా మీదుగా పోనీండి."

కమిషనర్ గారు మంత్రిగారి వైపు చూశారు. మంత్రిగారు నెత్తిమీది పూలు ఏరుకుంటున్నారు. ఫైరాఫీసరు ఎవరి వైపూ చూడకుండా మీట నొక్కాడు. నిచ్చెన కమిషనర్ గారి ఎత్తు దాటి, పసుపు బుట్ట దాటి, ట్యాంకు అంచుకి ఆనింది. ఒక ఫైర్‌మన్ ఎక్కి జకరయ్యను భుజాన ఆనించుకుని దించాడు. నేల తగలగానే జకరయ్య కూలబడిపోయి, మట్టిని రెండు చేతులతో పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సువార్తమ్మ కొంగుతో అతడి ముఖం తుడిచింది. అప్పుడైనా అక్కడున్న పెద్దల్లో ఒక్కడికి సిగ్గేసిందేమోనని చూస్తే, అలాంటిదేమీ కనిపించలేదు.

నెలాఖరున జకరయ్యను తొలగించారు. నిషేధిత నిచ్చెన సాయంతో దిగడం అందుకు కారణం. కమిషనర్ గారు వాడింది విస్తరణశీల సోపాన వ్యవస్థ కాబట్టి ఆయనకు ఇది వర్తించదు. ప్రశంసాపత్రం వచ్చింది. అద్దం కట్టించారు. గోడకు ఎత్తుగా తగిలించాలనుకున్నారు గానీ మార్గం లేక బల్ల మీద ఆనించి పెట్టారు.

ట్యాంకులో బ్లీచింగ్ వేసేవాడు లేడు. మొదట సంతపేట కుళాయిల్లో నీళ్ళు పచ్చబడ్డాయి, తర్వాత కంపు కొట్టాయి. పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. జనం ఆఫీసు చుట్టూ తిరిగారు. బుట్టకు అందేలా ట్యాంకు ఎత్తు తగ్గించే ప్రతిపాదన పంపామని వాళ్ళకు చెప్పారు. ఇంతలో అదే కంపు కమిషనర్ గారి బంగళా కుళాయిలోనూ మొదలైంది. ఆ మర్నాడే ఏఈ వంశీధర్ గారు జకరయ్య ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నారు.

"జరిగిందేదో జరిగింది జకరయ్యా. నిన్ను మళ్ళీ తీసుకుంటున్నాం. కమిషనర్ గారే చెప్పమన్నారు. ఒక్కసారి ఎక్కి పౌడరు వేసెయ్."

జకరయ్య లోపలికి చూశాడు. సువార్తమ్మ పొయ్యి దగ్గర పని ఆపి వింటోంది. ఉద్యోగం పోయిందగ్గర్నుంచీ అతడు రోజూ కూలికి అడ్డా మీద నిలబడి వస్తున్నాడు. ఈ మాట కోసం ఎదురు చూడలేదంటే అబద్ధమే.

"ఎట్టా ఎక్కాల సార్?"

"సోపాన వ్యవస్థ పిలిపిస్తాం. దగ్గరుండి ఎక్కిస్తాం. ఎక్కించడానికి అనుమతి వచ్చేసింది."

"దించటానికి?"

ఏఈ గారు కాసేపు పెన్ను తిప్పారు. "ఆ ఫైలు వేరు. అది నడుస్తోంది."

జకరయ్య చాలా మర్యాదగా అన్నాడు.

"అయితే ఈ తూరి మీరెక్కండి సార్. మిమ్మల్నయితే టీ చల్లారేలోపు దించుతారు."

సువార్తమ్మ గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఏఈ గారి ముందు పెట్టింది. "ఎండన పడి వచ్చారు, తాగండి సార్. సంతపేట ట్యాంకు నీళ్ళే."

ఏఈ గారు గ్లాసు ముట్టుకోకుండా లేచి చెప్పులు తొడుక్కున్నారు.